తల వచ్చింది, మనిషి రాలేదు

మేదాన్,
ఏప్రిల్ 1986

ప్రభువునందు ప్రియమైన లమ్రియా అక్కయ్యకు, తమ్ముడు తియోపాన్ వందనాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ నడుము నొప్పి ఎలా ఉంది? మగ్గం ముందు అంతసేపు కూర్చోవద్దంటే వినవు కదా.

మంచి కబురు ముందు. మన దుమా పెళ్ళి ఖాయమైంది. ఆగస్టులో చేస్తున్నాం. అబ్బాయి ఇంజనీరు, సితోరుస్ వంశం వాళ్ళు. వాళ్ళ నాన్న ఓడరేవులో పెద్ద అధికారి, ఆయన సంతకం లేకుండా పడవ కదలదట. అంతటి మనిషి మాటలకని మా ఇంటికొచ్చి, పిల్లనిచ్చేవాళ్ళ ముందు ఎలా కూర్చోవాలో అలా చాప అంచున కూర్చుని, నాతో తల వంచి మాట్లాడాడు. అబద్ధమెందుకు అక్కా, నా చొక్కా గుండీలు తెగుతాయేమో అనిపించింది.

నీకు రాయాల్సిన అసలు సంగతి అదే. నాలో గర్వం ఉంది. ఈ మాట నాకెవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. ఈస్టరు ముందు గురువారం, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన ఘట్టం మీద వాక్యం చెప్పమని పాస్టరుగారు సంఘ పెద్దలందరిలోనూ నన్నే అడిగారు. తగ్గింపు గురించి ఈ సంఘంలో ఇంత గొప్పగా ఎవరూ చెప్పలేదని అందరూ అన్నారు. ఇంటికి నడిచి వస్తుంటే, మీలో మీరే ఏం మాట్లాడుకుంటున్నారని సౌర్మా అడిగింది. చూసుకుంటే, నేను చెప్పిన మాటలే మళ్ళీ నాకు నేను వినిపించుకుంటున్నాను. సిగ్గేసింది. అందుకని ఈ ఏడాది తగ్గింపు నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. పట్టుకున్నది వదిలే రకం కాదు నేను. మా హైస్కూలును జిల్లాలో మొదటి స్థానానికి తెచ్చినవాణ్ణి, ఇది సాధించలేనా? నువ్వూ ప్రార్థన చెయ్యి.

శుభలేఖలు బంగారు అక్షరాలతో అచ్చు వేయించాం. మీ ఊళ్ళో జొంగికి కూడా ఒకటి పంపాను. సౌర్మా తమ్ముడు, దుమాకు మేనమామ, మర్యాద తప్పకూడదు కదా. పరీక్షల రోజులు, నాకు కదలడానికి లేదు. అందుకని మేనమామ ఇంటికి పట్టుకెళ్ళాల్సిన వంటకాన్ని ఇక్కడి మంచి హోటల్లో చేయించాను. పంది తల, మెడ, పక్కటెముకలు, తోక, ఏదీ లోటు లేకుండా పెద్ద పళ్ళెంలో అమర్చి బస్సు కండక్టరు చేతికిచ్చాను. మేం వచ్చినా అంత రుచిగా వండి ఉండేవాళ్ళం కాదు. అందిందో లేదో కనుక్కుని రాయి. జొంగి దగ్గర్నుంచి బదులు చేప ఇంకా రాలేదు.

నీ తమ్ముడు
తియోపాన్


లుంబాన్ గోర్గా,
మే నెల

తమ్ముడు తియోపాన్‌కు అక్క ఆశీస్సులు.

దుమా పెళ్ళి కబురు చదివి కాసేపు ఏడ్చాను, తర్వాత కళ్ళు తుడుచుకుని ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చాను. ఓడరేవు అధికారి అని కూడా చెప్పాను. నీ ఒక్కడికే కాదులే, నాకూ గుండీలున్నాయి.

నీలో గర్వం ఉందని నువ్వే కనిపెట్టావా! మాకు నీ మూడో ఏటి నుంచీ తెలుసు. ఎవరైనా భుజానెక్కించుకుంటే దిగనని ఏడ్చేవాడివి. అమ్మ పోయాక నిన్ను మోసింది నేను కాబట్టి నా భుజానికి ఇంకా బాగా తెలుసు.

ఇక నీ పంది తల సంగతి. అందింది. బస్సు పైకప్పు మీద దురియాన్ పళ్ళ బుట్టల మధ్య కూర్చుని దర్జాగా వచ్చింది. జొంగి టైర్లకు పంక్చర్లు వేసే పాక బస్సు ఆగే చోటే ఉందని, దాని ఎదురుగా కల్లు దుకాణం ఉందని నీకు తెలుసు కదా. పట్టపగలు, దుకాణం నిండా జనం. కండక్టరు పళ్ళెం దించి, "మేదాన్ నుంచి మీ బావగారు పంపించారు" అన్నాడు. జొంగి గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుని, బస్సులోకి తొంగి చూసి, "బావ ఏడీ?" అని అడిగాడు. కల్లు దుకాణంలోంచి ఎవడో అందుకున్నాడు: "తల ముందు పంపించాడయ్యా, మొండెం వెనక బస్సులో వస్తుంది." ఒకటే నవ్వులు.

జొంగి నవ్వలేదు. పళ్ళెం ఇంటికి మోసుకెళ్ళి, చాప పరిచి, మధ్యలో పెట్టి, ఎదురుగా కూర్చున్నాడట. భార్య వచ్చి ఏమిటలా చూస్తున్నావంటే, "తల వచ్చింది, మనిషి రాలేదు" అన్నాడట. ముట్టలేదు. పాడవుతుందని మాంసమంతా వీధిలో వాళ్ళకు పంచేశాడు.

చేప రాలేదంటున్నావు. ఎలా వస్తుందిరా? మేనమామను పిలవాలంటే పిల్ల తల్లీ తండ్రీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి రావాలి, చాప మీద కూర్చోవాలి, చేతులు జోడించి నోటితో అడగాలి. అప్పుడాయన చేప పెడతాడు, అదే ఒప్పుకోలు. ఇది నీకు నేను చెప్పాలా? మేనమామ వచ్చి ఉలోస్ శాలువా కప్పి దీవించకపోతే పిల్ల బతుకంతా "మేనమామ రాని పెళ్ళి" అనిపించుకుంటుంది. సౌర్మా పుట్టింటివాళ్ళు లేకుండా పీటల పక్కన నిలబడాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నీ వాక్యం బాగుందని మేదాన్ అంతా మెచ్చుకుంటే సరిపోదు నాయనా.

నడుము అలాగే ఉంది.

మీ అక్క
లమ్రియా


మేదాన్,
మే నెలాఖరు

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఊళ్ళో వాళ్ళు నవ్వారని అంత వివరంగా రాయక్కర్లేదు.

నేను సంఘ పెద్దని. భార్య పుట్టింటివాళ్ళు కంటికి కనబడే దేవుళ్ళని మన తాతలు అన్నారు, ప్రభువును ఎరగని రోజుల్లో అన్నారు. నేను మోకరిస్తే క్రీస్తు ఒక్కడి ముందే మోకరిస్తాను. కల్లు తాగి, ప్రభు బల్లకు కూడా రాకుండా తిరిగేవాడి ముందు చేతులు జోడించమని ఏ వాక్యం చెప్పింది? పైగా అతని పెద్దకొడుక్కి మా స్కూల్లో చోటు ఇప్పించింది నేను. తన పాక కాలిపోయినప్పుడు రేకులు కొనిపెట్టింది నేను. ఇన్ని చేసినవాడు పళ్ళెం పట్టుకురాలేదని అలుగుతాడా? గర్వం ఎవరికి ఉందో నువ్వే చెప్పు.

నా సంగతి అడిగితే, నాలో మార్పు మొదలైంది. నెల రోజులుగా ఆదివారం ఆరాధన అయ్యాక, కాఫీ గ్లాసులు నేనే కడుగుతున్నాను. మొదటివారం ఆడవాళ్ళు ఒప్పుకోలేదు, మీరెందుకు సార్ అని చేతిలోంచి లాక్కున్నారు. నేను వదల్లేదు. పోయిన ఆదివారం పాస్టరుగారు వేదిక మీద నుంచే నా పేరు చెప్పి, హెడ్మాస్టరు గారిని చూసి నేర్చుకోండని యువకులకు చెప్పారు. నాకు ఇబ్బందిగానే అనిపించింది. ఇంటికొచ్చి సౌర్మాతో ఆ మాటే అంటే, "మన వంటింట్లో కూడా గ్లాసులున్నాయి" అంది.

ఈ మధ్య సౌర్మా నాతో సరిగా మాట్లాడటం లేదు. నిన్న మాత్రం ఒక మాట అంది. మా తమ్ముడు రాకపోతే నేను పెళ్ళిలో మీ పక్కన కూర్చోను, వెనక వరసలో కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుంటాను అంది. గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది. ఏం చెయ్యమంటావు?

తియోపాన్


లుంబాన్ గోర్గా,
జూన్

తమ్ముడికి,

ప్రభువు కాళ్ళు కడిగిన రోజు వేదిక మీద నుంచి ఆయన పేరు ఎవరూ చదవలేదు. నాకు తెలిసినంతవరకు తువాలు కూడా ఆయనే తెచ్చుకున్నాడు.

జొంగికి నువ్వు రేకులు కొనిపెట్టావు, నిజమే. ఆ రేకులు కూడా బస్సు మీదే వచ్చాయి. నువ్వు పంపేవన్నీ వస్తాయిరా, నువ్వు రావు. మీ అత్తగారు పోయినప్పుడు దండ పంపించావు. వాడి కొడుకు బాప్తిస్మానికి కవరు పంపించావు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి అల్లుడివి, ఆ ఇంట్లో ఒక్క విందుకైనా ఒక్క గిన్నె ఎత్తావా? తాగుబోతంటున్నావు, తాగుతాడు, నేనూ తిడతాను. కానీ తాగి వాడు ఎవరి తల మీదా నిలబడలేదు.

దేవుడి ముందే మోకరిస్తానన్నావు. మంచిదే. దేవుడైతే పైన ఉంటాడు, ఆయన ముందు మోకరిస్తే ఎవరికైనా గౌరవమే. పంక్చర్లు వేసేవాడి ముందు కూర్చోవడం కదా కష్టం.

ఏం చెయ్యమంటావన్నావు కాబట్టి చెప్తున్నా. జూలై మొదట్లో జొంగి వాళ్ళు మీ అత్తగారి ఎముకలు మన ఆచారం ప్రకారం మట్టిలోంచి తీసి కొత్త సిమెంటు సమాధిలో పెడుతున్నారు. పాస్టరు ప్రార్థన చేస్తాడు, పాటలు, విందు. ఆ విందులో వంట, వడ్డన, గిన్నెలు, అంతా ఆ ఇంటి అల్లుళ్ళదే. కబురు నీకూ వస్తుంది. నువ్వు ఆ ఇంటి అల్లుడివే కదా?

లమ్రియా


మేదాన్,
జూన్ చివర

అక్కయ్యకు వందనాలు.

నీ ఉత్తరం మడిచి పెట్టి, మళ్ళీ మళ్ళీ తీసి చదివాను. తర్వాత ప్రార్థన చేశాను. నీ మాటల్లో చేదు ఉన్నా నిజం ఉంది. వస్తాను.

అయితే ఊరికే రావడం కాదు. అందరూ చూసి నేర్చుకునేలా చేయాలనుకుంటున్నాను. మా పాస్టరుగారితో మాట్లాడాను, ఆయన కూడా వస్తారు. మా గాయక బృందాన్ని ఒక వ్యానులో తీసుకొస్తాను. సమాధి ప్రార్థన అయ్యాక, అందరి ఎదుట, నేను పళ్ళెం పట్టుకుని జొంగి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాను. చిన్న సాక్ష్యం చెప్తాను, గర్వం నన్ను ఎలా పట్టుకుందో, ప్రభువు నన్ను ఎలా విడిపించాడో. బృందం వెనక నుంచి మెల్లగా పాట అందుకుంటుంది. ఫోటోలు తీయడానికి మా స్కూలు డ్రాయింగు మాస్టరును రమ్మన్నాను. జొంగికి ముందు చెప్పి ఉంచు, ఆ టైముకు శుభ్రమైన బట్టలు వేసుకుని ఉంటే బాగుంటుంది.

నీ తమ్ముడు
తియోపాన్


లుంబాన్ గోర్గా

ఒరేయ్,

వ్యాను వద్దు. పాస్టరు వద్దు, మాకు మా పాస్టరు ఉన్నాడు. ఫోటోలు వద్దు. జొంగితో చెప్పాను. వాడన్నది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అక్కా, మా అమ్మ ఎముకలు తీసే రోజది. ఆయన సాక్ష్యానికి ఇంకో రోజు చూసుకోమను. వస్తే అల్లుళ్ళతో పాటు తెల్లారేసరికి రమ్మను, పందులు కొయ్యాలి."

ఒక్కడివే రా. పాత ప్యాంటు తెచ్చుకో.

లమ్రియా


మేదాన్,
జూలై

అక్కయ్యకు,

బస్సు వేళైపోయి నీతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. నువ్వు ముందు పందిట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నావు. వెనక కొట్టంలో ఏం జరిగిందో నీకు తెలియదు, అది నీకే రాయాలి. ఇంకెవరికీ రాయలేను.

తెల్లవారుతూ కొట్టంలోకి అడుగు పెట్టగానే నేను ఒకటి అనుకున్నాను. అయ్యో హెడ్మాస్టరు గారూ, మీరెందుకు, మీరు కూర్చోండి అంటారని. అననివ్వండి, నేను వద్దంటాను, నవ్వుతూ కత్తి అందుకుంటాను. ఆ నవ్వు కూడా సిద్ధం చేసుకునే వచ్చాను. ఎవరూ అనలేదు అక్కా. లుంగీ కట్టుకున్న ఒకాయన తలెత్తకుండానే, "వచ్చావా, ఆ ఉల్లిపాయలు తియ్యి" అన్నాడు.

రోజంతా అంతే. ఉల్లిపాయలు తరిగాను, బియ్యం కడిగాను, ఊరి పక్క సరస్సు నుంచి నీళ్ళు మోశాను. జనం తింటుంటే వడ్డించడానికి తిరిగాను. నా స్కూల్లో చదివిన ఒకడు, ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు, వాడు నన్ను గుర్తుపట్టాడు. లేచి నిలబడతాడనుకున్నాను. "సార్, ఇటు కొంచెం కూర" అని పళ్ళెం చాపాడు. నేను తగ్గించుకుంటున్నానని అక్కడ ఒక్కరికైనా తెలియలేదు. అల్లుడు అల్లుడి పని చేస్తున్నాడనుకున్నారు, అంతే. పొగడ్త లేదు, ఎగతాళి కూడా లేదు. ఎగతాళి చేసినా బాగుండేది, అవమానం భరించానని చెప్పుకోవడానికైనా ఉండేది.

మధ్యాహ్నం దాటాక జొంగి పళ్ళెంలో నేనే కూర వేశాను. ఒక ముద్ద తిని, "ఉప్పు చాల్లేదు" అన్నాడు. అదొక్కటే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె అక్కడ పడేసి బస్సెక్కేద్దామనుకుని కొట్టం వెనక్కి వచ్చాను. అక్కడ ఉల్లిపాయలు తియ్యమన్న లుంగీ ఆయన మసిపట్టిన డేగిసాలోకి సగం దూరి బూడిదతో రుద్దుతున్నాడు. ఆయన సైన్యంలో కల్నల్ అట అక్కా, జొంగి పెద్దక్క భర్త. నా ముఖం చూసి, "మొదటిసారా?" అన్నాడు. అవునన్నాను. "మోకాళ్ళు జాగ్రత్త. మా ఇంట్లో విందుకి నా చెల్లెళ్ళ మొగుళ్ళు ఇలాగే తోముతారు, నేను ఉప్పు చాల్లేదంటాను" అని ఇంకో డేగిసా నా వైపు తోశాడు. తోమాను. ఏడుపొచ్చింది, పొగ వల్ల అనుకున్నారేమో.

అందరూ వెళ్ళాక, అమ్మ పని కోసం ముందే వచ్చి ఉన్న సౌర్మా, నేను పళ్ళెం పట్టుకుని జొంగి దగ్గరికి వెళ్ళాం. ఇన్నాళ్ళూ తయారుచేసుకున్న మాటలు ఒక్కటి గుర్తు రాలేదు. చాప మీద కూర్చుని చేతులు జోడించి, "జొంగీ, మా అమ్మాయికి పెళ్ళి. నువ్వు రావాలి" అన్నాను. అతను పళ్ళెం వైపు, నా మసి చేతుల వైపు చూశాడు. తర్వాత, "తిన్నావా?" అన్నాడు. అల్లుళ్ళు చివర తింటారు కదా, నేను తినలేదు. "ముందు తిను" అని అల్లుళ్ళ వంతు మెడ ముక్క నా ముందుకు జరిపాడు. తిన్నాను. వస్తాననలేదు, రాననలేదు. చేప పెట్టలేదు.

దేవుడి ముందు నిజం చెప్తున్నా అక్కా, పెళ్ళి నెల రోజుల్లో ఉంది, నాకు నిద్ర పట్టడం లేదు. వస్తాడా? నువ్వేమైనా విన్నావా?

తియోపాన్


లుంబాన్ గోర్గా,
ఆగస్టు

తమ్ముడికి ఆశీస్సులు.

వాడు వస్తాడో రాడో నాకేం తెలుసు, నన్ను అడిగి వస్తాడా వెళ్తాడా. ప్రార్థన చేసుకో.

నేను మాత్రం రాలేను. పొలం గట్టు మీద జారి పడ్డాను, కాలికి కట్టు కట్టారు, దుమాతో చెప్పు ఏడవొద్దని. దాని పెళ్ళి నేను చూడలేకపోతున్నానని నాకే ఏడుపుగా ఉంది. ఎవరేం కట్టుకున్నారో, ఎవరేమన్నారో, ఒక్క మాట వదలకుండా రాయి.

ఆ డేగిసా సంగతి చదివి చాలాసేపు నవ్వాను. తర్వాత ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నాను.

లమ్రియా


మేదాన్,
సెప్టెంబరు

ప్రియమైన అక్కయ్యకు,

వచ్చాడు! జొంగి వచ్చాడు!

పెళ్ళి రోజు ఆరాధన అయి, విందు హాల్లో అందరం కూర్చున్నాం. పిల్లనిచ్చేవాళ్ళ వైపు మొదటి వరసలో మేనమామ స్థానం ఖాళీగా ఉంది. సౌర్మా నా పక్కనే కూర్చుంది కానీ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. ఓడరేవు వియ్యంకుడు గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు బయట గొడవ, నవ్వులు. మా జొంగి ముందు, వెనక వాళ్ళ వంశం వాళ్ళు ముప్పై మంది, అందరూ భుజాన ఉలోస్ వేసుకుని, నెత్తిన బియ్యం బుట్టలతో, చేపల పళ్ళెంతో వచ్చేశారు. రాత్రంతా బస్సులో వచ్చారట, సగం దారిలో టైరు పేలితే జొంగి తనే దిగి మార్చాడట. చొక్కా మీద ఆ మసి అలాగే ఉంది.

దుమాకు, అబ్బాయికి కలిపి ఉలోస్ కప్పాడు. అక్కా, అలాంటి నేత నేను ఈ మధ్య ఎక్కడా చూడలేదు. ఓడరేవు వాళ్ళు కూడా అంచు పట్టుకుని చూశారు. దీవెన చెప్తూ గుప్పెడు బియ్యం ఇద్దరి నెత్తిన చల్లాడు. అక్కడితో అయిపోయిందనుకుంటే, మమ్మల్నిద్దర్నీ లేవమన్నాడు. మాకూ ఒకటి తెచ్చాడు. సౌర్మా నా భుజానికి ఆనుకుని నిలబడింది. జొంగి పొట్టివాడు కదా, నేనేమో తాడిచెట్టును. కాస్త వంగాను, చేతులు అందలేదు. ఇంకాస్త వంగాను. చెవి దగ్గర మెల్లగా, "బావా, ఇంకొంచెం" అన్నాడు. నేను మోకాళ్ళు వంచేశాను. అయిదు వందల మంది చూస్తుండగా, ఆ గుడ్డ నా వీపు మీద పడింది. నా జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ లేను.

ఇప్పుడు అర్థమైంది అక్కా. ఆ రోజు నేను కొట్టంలో తగ్గించుకున్నందుకే ఇదంతా జరిగింది. అంత మొండివాడి మనసు మెత్తబడింది. తగ్గించుకున్నవాడు హెచ్చించబడతాడని వింటూ వచ్చాం, నా కళ్ళతో చూశాను. వచ్చే నెల పంట పండుగ ఆరాధనలో సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగారు. ఉల్లిపాయల నుంచి ఉలోస్ దాకా అంతా చెప్తాను. చాలామందికి మేలు జరుగుతుంది.

నీ కాలు ఎలా ఉంది?

నీ తమ్ముడు
తియోపాన్


లుంబాన్ గోర్గా,
సెప్టెంబరు చివర

తమ్ముడు తియోపాన్‌కు,

నీ ఉత్తరం పక్కింటావిడ చేత రెండుసార్లు చదివించుకున్నాను, కళ్ళజోడు ఉండి కూడా. నువ్వు మోకాళ్ళు వంచిన చోట ఆవిడ కూడా ముక్కు చీదింది. నా కాలు బాగానే ఉంది.

సాక్ష్యం చెప్పేముందు నీకు ఒకటి తెలియాలి. దాచాను, ఇక దాచను.

ఆ ఉలోస్ నేసింది నేనే. నేత బాగుందన్నందుకు సంతోషం. అది ఎప్పుడు మొదలుపెట్టానో తెలుసా? ఏప్రిల్లో, నీ పంది తల బస్సు దిగిన రోజున. వీధిలో మాంసం పంచుతూ జొంగి మా ఇంటికి కూడా వచ్చాడు. ఆకులో నా వంతు పెట్టి, "అక్కా, దుమాకి పెళ్ళంట. ఉలోస్ మొదలుపెట్టు, మంచి నూలు వాడు. బావకి, మా అక్కకి కూడా ఒకటి" అన్నాడు. నేను ఆశ్చర్యపోయి, మీ బావ గుమ్మం తొక్కలేదు కదా, పిలవనే లేదు కదా అన్నాను. "ఆయన రాకపోతే నేను మేనమామను కాకుండా పోతానా? పిల్ల ఏం చేసింది?" అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, నోట్లో కల్లు వాసన కూడా ఉంది. ఊళ్ళోవాళ్ళ ముందు పోయిన పరువు కడుపులో పెట్టుకునే ఆ మాట అన్నాడు.

కాబట్టి నువ్వు రాకపోయినా వాడు వచ్చేవాడు. ఉల్లిపాయలు తరక్కపోయినా, డేగిసా తోమకపోయినా, చేతులు జోడించకపోయినా, ఆ ఉలోస్ నీ వీపు మీద పడేది. నువ్వు తగ్గినందుకు కాదు వాడు వచ్చింది. నువ్వు ఇంకా బంగారు అక్షరాల కాగితం పంపి చేతులు దులుపుకుని ఉన్నప్పుడే, వాడు నూలు కొనిచ్చాడు.

నీకు ముందే చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్తే నువ్వు ఆ కొట్టంలోకి వచ్చేవాడివి కాదు. ఒక్కసారైనా నువ్వు ఆ చాప మీద కూర్చోవాలని నా పంతం. ఆ పంతం కూడా మన రక్తంలోదే, నన్నేం అనకు.

మీ అక్క
లమ్రియా


మేదాన్,
అక్టోబరు

అక్కకు,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. నా దగ్గర ఉన్న ఒకే ఒక మంచి పని నువ్వు లాగేసుకున్నట్టనిపించింది. ఉత్తరం సౌర్మా ముందు పడేశాను. చదివి, నాకు ఏప్రిల్ నుంచే తెలుసండీ, తమ్ముడు రాశాడు అంది. నీకూ తెలుసా, మరి వెనక వరసలో కూర్చుంటానని బెదిరించావేం అన్నాను. "వాడొస్తాడని తెలుసు. మీరొస్తారో లేదో తెలియదు. భయం మీ గురించే" అంది. ఆ మాటకు ఏడ్చాను, ఈసారి పొగ లేదు.

అతను నన్ను క్షమించాక నేను క్షమాపణకు వెళ్ళాను. ఇన్నేళ్ళుగా వాక్యంలో నేను చెప్తూ వచ్చింది అదే కదా అక్కా, ముందే క్షమించేశాడని. నోటికి వచ్చు, అంతే.

నిన్న పంట పండుగ. హాలు నిండిపోయింది. హెడ్మాస్టరు గారి సాక్ష్యం అని పాస్టరుగారు ముందు నుంచే చెప్పి ఉంచారు. నాలుగు పేజీలు రాసుకున్నది ఇంట్లోనే చించేసి వెళ్ళాను. వేదిక ఎక్కి, "మా అమ్మాయి పెళ్ళికి మా బావమరిది వచ్చాడు. దేవునికి స్తోత్రం" అని దిగిపోయాను. ఇంకా ఉందేమోనని అందరూ ఎదురు చూశారు. ఏమీ లేదు. పాస్టరుగారు తడబడి పాట నంబరు చెప్పారు.

వచ్చి సౌర్మా పక్కన కూర్చున్నాను. మనసు ఎంతో తేలికగా ఉంది. కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే, ఈ సంఘంలో ఇంత క్లుప్తంగా, ఇంత గొప్పగా ఎవరూ సాక్ష్యం చెప్పి ఉండరు అనిపించింది. సౌర్మా నా ముఖం చూసి మోచేత్తో పొడిచింది.

నా కోసం ప్రార్థన చేస్తూనే ఉండు అక్కా.

నీ తమ్ముడు
తియోపాన్